అరగకూడని పిన్ను

ఢిల్లీలోని జియా సరాయ్‌లో గదులు తీసుకుని గేట్ పరీక్షకు చదువుతున్న తెలుగు పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. ఇడ్లీ, అల్లం పచ్చడి అయ్యాక అందరూ దాదాపు ఒకే మాట అడుగుతారు. "మేడమ్, మెటలర్జీ తీసుకున్నందుకు మీరెప్పుడైనా బాధపడ్డారా?" లేదని చెబితే నమ్మరు. కంప్యూటర్లు చదివిన స్నేహితులు గురుగ్రామ్ అద్దాల మేడల్లో కూర్చుంటుంటే, తాము లోహాల ముక్కలు నూరుకుంటూ బతకాలా అన్న దిగులు వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది. అలాంటప్పుడు వాళ్ళకు ఈ సంగతి చెబుతుంటాను. ఎప్పుడూ నోటితో చెప్పడమే అయింది కాబట్టి ఒకసారి రాసి పెడదామనిపించింది.

నేను విశాఖపట్నం అమ్మాయిని. పెళ్ళయి ఢిల్లీ వచ్చాను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గురుగ్రామ్‌లోని ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులో గడిచింది. విరిగిన ఇరుసులు, పగిలిన గేర్లు, అరిగిన బేరింగులు మా దగ్గరికి వచ్చేవి. ఎందుకు విరిగిందో చెప్పడం మా పని. పంపేవాళ్ళకు మాత్రం కారణం కన్నా, తప్పు ఎవరిదో తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువగా ఉండేది. తప్పు తమది కాదని రాసిస్తే బాగుండునన్న ఆశ పార్సెల్‌తో పాటే వచ్చేది.

మా ల్యాబు హెడ్ ఒక బెంగాలీ పెద్దమనిషి. చాలా చదివిన మనిషి, అంతకన్నా ఎక్కువ చూసిన మనిషి. ఒక ముక్కను చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి కారణం చెప్పేవారు, చాలాసార్లు అదే నిజమయ్యేది. అందువల్ల ఆయన ఏదైనా చెప్పాక ఇంకో మాట అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. నాతో పాటు కాన్పూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి పనిచేసేది. నమూనాలు కోసి, నున్నగా పాలిష్ పెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టడం ఆమె బాధ్యత. నన్ను దీదీ అనేది. టీ తాగనిదే మైక్రోస్కోపు ముట్టేది కాదు.

నేను రిటైరవడానికి కొద్ది ఏళ్ళ ముందు, ఫరీదాబాద్ నుంచి ఒక చిన్న కంపెనీ వాళ్ళ పార్సెల్ వచ్చింది. వాళ్ళు కృత్రిమ కాళ్ళు తయారుచేస్తారు. అట్టపెట్టెలో ఒక మోకాలి జాయింటు ఉంది. దాన్ని వాడుతున్న ఒక అమ్మాయి మెట్లు దిగుతుండగా మోకాలు ఉన్నట్టుండి మడత పడిపోయిందట. పడిపోయి చేతికి దెబ్బ తగిలించుకుంది. జాయింటును సరిగా శుభ్రం చెయ్యకపోవడం వల్లే చెడిందని తాము అనుకుంటున్నామని, పరీక్షించి అభిప్రాయం చెప్పమని కంపెనీ క్వాలిటీ మేనేజరు రాశాడు.

ఆ జాయింటు సంగతి కాస్త చెప్పాలి. మోకాలు మడుచుకునే చోట అడ్డంగా ఒక ఉక్కు పిన్ను ఉంటుంది, చూపుడు వేలంత. దాని చుట్టూ కంచుతో చేసిన గొట్టంలాంటి బుష్ తిరుగుతుంది. నడిచిన ప్రతిసారీ ఆ రెండూ రాసుకుంటాయి కాబట్టి ఏదో ఒకటి అరగక తప్పదు. అందుకే పిన్నును బాగా గట్టి ఉక్కుతో చేసి, బుష్‌ను మెత్తటి కంచుతో చేస్తారు. అరిగితే బుష్ అరగాలి, దాన్ని తీసి కొత్తది వేసుకోవచ్చు. ఇక్కడ బుష్ బాగానే ఉంది. పిన్ను ఒక పక్క గీతలు గీతలుగా అరిగిపోయి గుంట పడింది. ఆ వదులు వల్ల, బరువు పడినప్పుడు మోకాలు మడవకుండా ఆపే లాకు పూర్తిగా పట్టక జారిపోయింది.

బుష్ లోపలి గోడను మైక్రోస్కోపులో చూస్తే కంచులో దిగబడిన ఇసుక రేణువులు మెరుస్తూ కనిపించాయి. మెత్తటి కంచులో ఇసుక దిగితే అది గరుకు కాగితంలా తయారై పక్కనున్న ఉక్కును కోస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. మా హెడ్ ఒకసారి చూసి కళ్ళజోడు తీశారు.

"దుమ్ము. ఢిల్లీలో ఏది చెడినా సగం కారణం అదే. రిపోర్టు రాసెయ్యండి."

"ఉక్కు గట్టిది కదా సార్, మరీ ఇంత అరగాలా?" అన్నాను.

"ఇసుక ఉక్కు కన్నా గట్టిది మేడమ్. నేను చెప్పాలా మీకు?"

ఆయన అన్నది నిజమే. రిపోర్టు చిత్తుప్రతి తయారైంది. దుమ్ము చేరడం వల్ల అరుగుదల, పదార్థంలో లోపం కనిపించలేదు, వాడకందారు శుభ్రత పాటించాలి. ఆయన సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ వారంలోనే రిసెప్షన్ నుంచి నాకు ఫోను వచ్చింది. "మేడమ్, ఎవరో అమ్మాయి వచ్చింది. అపాయింట్‌మెంట్ లేదు, వెళ్ళమంటే వెళ్ళడం లేదు. ఫోన్లో మీ భాషలాంటిదే మాట్లాడుతోంది."

కిందికి వెళ్ళాను. రెండు చంకకర్రల మధ్య నిలబడి ఉంది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. కుడి మణికట్టుకు పట్టీ ఉంది. సల్వార్ ఒక పక్క మోకాలి పైన మడిచి పిన్నీసు పెట్టుకుంది. నన్ను చూసి హిందీలో మొదలుపెట్టింది. నేను తెలుగులో "కూర్చోమ్మా ముందు" అనేసరికి ఒక్క క్షణం ఆగి, పెద్దగా నిట్టూర్చింది.

"మీరు తెలుగోళ్ళా మేడమ్? బతికిన. పొద్దున్నుంచి హిందీల కొట్లాడి నోరు నొస్తుంది."

కరీంనగర్ అమ్మాయి. ఇంటర్ చదివే రోజుల్లో రోడ్డు ప్రమాదంలో కాలు పోయింది. డిగ్రీకి ఢిల్లీ వచ్చి, ఇప్పుడు బేర్ సరాయ్‌లో ఉంటూ సివిల్స్‌కు చదువుతోంది. మెయిన్స్ పరీక్ష దగ్గరపడింది. పడినప్పుడు కుడి చెయ్యి ఆనించడంతో మణికట్టు బెణికింది. కంపెనీ వాళ్ళు తన తప్పేనంటున్నారని, కొత్త జాయింటు ఇవ్వరేమోనని, జాయింటును మా ల్యాబుకు పంపించారని ఫిట్టింగు చేసే మనిషి చెబితే ఇక్కడికి వచ్చానని చెప్పింది.

"మీరేం రాస్తుండ్రో నాకు చెప్పరని తెల్సు. గని నా మాట గూడ ఎవరో ఒకరు వినాలె గద. నేను దుమ్ముల ఆడుకుంటలేను మేడమ్. రూముకెళ్ళి లైబ్రరీకి పోతా, లైబ్రరీకెళ్ళి రూముకొస్తా. గంతే."

"శుభ్రం చేస్తుంటావా?"

"వారం వారం తుడుస్త. వాళ్ళు చెప్పినట్టే జేస్తున్న." చంకకర్రలు గోడకు ఆనించి అంది. "దీనికంటె ముందు గదే కంపెనీది ఇంకోటి ఉండె. డిగ్రీ మొత్తం దానితోనే నడిచిన. గిదే ఢిల్లీ, గిదే దుమ్ము. దానికేం కాలే. గిది కొత్త మోడల్, తేలికగుంటదని ఇచ్చిండ్రు. ఏడాది గూడ కాకముందే గిట్లయింది."

నేను వెంటనే అడిగాను. "ఆ పాతది ఏం చేశావు?"

"రూములనే ఉన్నది. గిప్పటి నా కాలుకు సరిపోదు గని, పారెయ్య బుద్ధి గాలే."

ఆమెను మళ్ళీ తిప్పడం ఎందుకని మరునాడు ఆఫీసు క్యాబు దారి మళ్ళించుకుని నేనే వెళ్ళాను. బేర్ సరాయ్ సందుల్లోకి క్యాబు రాలేదు. పుస్తకాల షాపులు, జిరాక్సు యంత్రాలు, మెస్సుల నుంచి వచ్చే రాజ్మా వాసన దాటుకుంటూ నడిచాను. ఆ అమ్మాయి గది పై అంతస్తులో ఉన్నా, పడిన తర్వాత కింద ఉండే స్నేహితురాలి గదిలో చోటు సంపాదించుకుంది. ఇద్దరు పడుకునే గదిలో ముగ్గురు. గోడ నిండా భారతదేశం పటాలు. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో రాయడం సాధన చేస్తోంది. కాగితం మీద అక్షరాలు వంకర్లు తిరిగి ఉన్నాయి.

"ఎడమ చేత్తో రాద్దామనుకుంటున్నావా?"

"చెయ్యి తగ్గకపోతే ఏం జేస్త మేడమ్? రాసేటోళ్ళని పెట్టుకోవచ్చంటరు గని, నా ఆలోచన నా చెయ్యి ద్వారనే వస్తది. ఇంకొకరికి చెప్తే రాదు."

పాత జాయింటు ఒక తువ్వాలులో చుట్టి ఇచ్చింది. నేను దాన్ని బ్యాగులో పెట్టుకుంటుంటే, "పిన్ను గోస్తరా?" అని అడిగింది.

"కొయ్యాలి. పాడైపోతుంది."

"కొయ్యుండ్రి. పాపం, మంచిగనే నడిపించింది నన్ను" అంది. నవ్వుతూనే అంది కానీ తువ్వాలు మీద చెయ్యి తియ్యడానికి కాసేపు పట్టింది.

ల్యాబులో రెండు పిన్నులూ పక్కపక్కన పెట్టాం. పాతది ఏళ్ళ తరబడి నడిచినా అద్దంలా ఉంది. దాని బుష్‌లో ఇసుక రేణువులు కొత్తదానిలో కన్నా ఎక్కువే దిగబడి ఉన్నాయి. అంటే దుమ్ము రెండింటికీ ఉంది, అరుగుదల ఒకదానికే ఉంది. ఆ మాట మా హెడ్‌కు చెబితే, "అచ్ఛా, అయితే కొత్త ఉక్కు మెత్తగా ఉండాలి. గట్టిదనం చూడండి" అన్నారు.

గట్టిదనం చూసే యంత్రంలో ఒక వజ్రపు మొనను బరువుతో నొక్కుతారు. అది ఎంత లోతుకు దిగిందన్న దాన్ని బట్టి అంకె వస్తుంది. కాన్పూర్ అమ్మాయి రెండింటినీ పరీక్షించింది. కొత్తదాని అంకె ఒక పిసరు తక్కువ, అంతే. రెండూ పరిమితి లోపలే ఉన్నాయి. ఉక్కులో ఏమేమి కలిసి ఉన్నాయో చూశాం, అదీ ఒకటే.

"చూశారా?" అన్నారు హెడ్. గెలిచానన్న సంతోషం ఆయన గొంతులో లేదు. నిజానికి ఆయనకు కూడా ఇబ్బందిగానే ఉంది. ఒకే ఉక్కు, ఒకే గట్టిదనం, ఒకే దుమ్ము. ఒకటి అరిగింది, ఇంకొకటి అరగలేదు.

ఇక మిగిలింది కోసి చూడటమే. లోహాన్ని కోసి, అద్దంలా పాలిష్ పెట్టి, పల్చటి ఆమ్ల ద్రావణంలో ఒక్క క్షణం ముంచితే లోపలి అల్లిక బయటపడుతుంది. వేడి చేసి నూనెలో చల్లార్చి గట్టిపరిచిన ఉక్కులో అది సన్నటి సూదులు గుంపులుగా పడేసినట్టు నల్లగా కనిపిస్తుంది. కాన్పూర్ అమ్మాయి అరిగిన చోటి నుంచి ఒక ముక్క కోసి చూసింది. సూదులు చక్కగా ఉన్నాయి, అంచు దాకా. పాతదానిలోనూ అంతే. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం టీ దగ్గర ఆమె చాలా నిరుత్సాహంగా ఉంది. "దీదీ, దుమ్మే అయి ఉంటుంది. మనమే అనవసరంగా..." అని ఆగిపోయింది. ఆమె కప్పు కింద పెట్టి, అరిగిన పిన్నును వేళ్ళ మధ్య తిప్పుతోంది. గుంట పడిన పక్క, నున్నగా ఉన్న పక్క, మళ్ళీ గుంట పడిన పక్క.

అది చూస్తూనే నాకు తట్టింది. మేము కోసింది అరిగిన చోటు. పై పొరలో ఏదైనా తేడా ఉండి ఉంటే ఆ పొర ఎప్పుడో అరిగి దుమ్ములో కలిసిపోయింది. మేము చూస్తున్నది ఆ పొర కిందున్న మంచి ఉక్కును. దొంగతనం జరిగిన ఇంట్లో, దొంగ వెళ్ళిపోయిన గదిలో కూర్చుని దొంగ లేడంటున్నాం.

"అవతలి పక్క కోద్దాం. రాపిడి తగలని చోట" అన్నాను.

ఆమె టీ పూర్తి చెయ్యకుండా లేవడం నేను మొదటిసారి చూశాను.

ఈసారి అంచు దాకా కళ్ళు తీసుకువెళ్ళేసరికి, నల్లటి సూదుల అల్లిక ఒక్కసారి ఆగిపోయింది. అక్కడి నుంచి అంచు వరకు తెల్లటి గింజల పొర. వెంట్రుక మందం ఉంటుందేమో. గట్టి ఉక్కు చుట్టూ మెత్తటి తొడుగు.

దానికి కారణం ఇది. ఉక్కుకు గట్టిదనం వచ్చేది అందులోని కార్బన్ వల్ల. గట్టిపరచడానికి కొలిమిలో ఎర్రగా కాల్చేటప్పుడు లోపలికి గాలి చొరబడితే, పైపైన ఉన్న కార్బన్ ఆ గాలితో కలిసి కాలిపోతుంది. ఆ తర్వాత ఎంత చల్లార్చినా పై పొరకు గట్టిదనం రాదు. కార్బన్ లేని ఇనుము మెత్తగానే ఉండిపోతుంది. మరి గట్టిదనం పరీక్షలో ఎందుకు దొరకలేదంటే, ఆ వజ్రపు మొన బరువుకు ఈ పల్చటి పొరలోంచి దిగిపోయి కింద ఉన్న గట్టి ఉక్కు దగ్గర ఆగింది. మాకు వచ్చిన అంకె కింది ఉక్కుది. ఒక పిసరు తక్కువ రావడం ఈ పొర చేసిన పనే. అది మాకు కనిపించింది కానీ, పరిమితిలోనే ఉంది కదా అని మేమంతా వదిలేశాం.

చిన్న బరువుతో, సూక్ష్మమైన మొనతో అంచు వెంబడి మళ్ళీ చూశాం. పై పొరకు సగం గట్టిదనం కూడా లేదు.

మా హెడ్‌ను పిలిచాం. మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచాక తన గదికి వెళ్ళి, దుమ్ము రిపోర్టు చిత్తుప్రతి తెచ్చి, మా ఇద్దరి ముందే నిలువునా చింపారు.

"దుమ్ము తోడుదొంగ" అన్నారు. "అసలు దొంగను మీరు పట్టారు. ఇప్పుడు ఫరీదాబాద్ వెళ్ళి ఆ దొంగ ఇంట్లోకి ఎలా వచ్చాడో కనుక్కోండి. నేనూ వస్తాను. ఈ వయసులో నాకూ ఒకరు చెప్పాలి కదా."

చింపిన కాగితం ముక్కలను ఆయన చెత్తబుట్టలో వెయ్యకుండా కోటు జేబులో పెట్టుకున్నారు. ఎందుకని అడగలేదు.

ఫరీదాబాద్ కంపెనీ పెద్దదేం కాదు. ముందు గదిలో కాళ్ళు అమర్చుకుని రెండు కడ్డీలు పట్టుకుని నడక నేర్చుకుంటున్న మనుషులు, వెనక షెడ్డులో యంత్రాలు. ఒక పెద్దాయన, మనవరాలు చప్పట్లు కొడుతుంటే, కడ్డీల మధ్య మొదటి అడుగులు వేస్తున్నాడు. మేము ఆయన్ని దాటుకునే మీటింగు గదికి వెళ్ళాం. ఆయన మోకాలిలో ఉన్నది కొత్త మోడలే అయి ఉంటుందన్న ఆలోచన నాతో పాటు లోపలికి వచ్చింది.

ఓనరు నెమ్మదైన మనిషి. హర్యానా యాస, తక్కువ మాటలు. క్వాలిటీ మేనేజరు ఫైళ్ళ కట్టతో సిద్ధంగా ఉన్నాడు. పిన్నులను గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ షాపు యజమానిని కూడా పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని, గొడవకు సిద్ధమై కూర్చున్నాడు.

మేము ఫొటోలు చూపించాం. మేనేజరు ఒక్కో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒకేసారి తయారైన ప్రతి లాటుకూ గట్టిదనం చూశాం. అన్నీ ఓకే. మీ ఫొటోలో తెల్లగా ఉన్నది ఏదో మరక అయి ఉండొచ్చు."

హీట్ ట్రీట్‌మెంట్ ఆయన అందుకున్నాడు. "మేడమ్‌జీ, అదే కొలిమి, అదే నూనె, అదే మనుషులు. ఏళ్ళుగా చేస్తున్నాం. ఒక్క కంప్లైంటు లేదు. ఇప్పుడు ఒక అమ్మాయి పడిపోతే నా కొలిమి చెడ్డదైపోయిందా?"

మా హెడ్ నా వైపు చూశారు. ఫొటోలతో పని జరగదని ఇద్దరికీ అర్థమైంది.

"మీ స్టోర్సులో వాడని కొత్త పిన్ను ఒకటి తెప్పించండి. ఒక ఆకురాయి కూడా" అన్నాను.

ఉక్కు నిజంగా గట్టిదైతే ఆకురాయి దాన్ని పట్టుకోదు, పైన జారిపోతుంది. నేను ముందు పాత పిన్ను ముక్కను బల్లకు బిగించి రుద్దాను. కీచుమంటూ ఆకురాయి జారింది, గీత కూడా పడలేదు. తర్వాత ఆకురాయిని హీట్ ట్రీట్‌మెంట్ ఆయన చేతికి ఇచ్చి, "కొత్తది మీరే చూడండి" అన్నాను.

ఆయన విసురుగా రుద్దాడు. ఆకురాయి పట్టుకుంది. తెల్లకాగితం మీద మెరుస్తూ ఉక్కు పొడి రాలింది. ఆయన ముఖం మారింది. మళ్ళీ రుద్దాడు, ఇంకా పొడి. మొండిగా అదే చోట రుద్దుతూ పోయాడు. అలా రుద్దుతుండగా ఉన్నట్టుండి ఆకురాయి కీచుమని జారింది. ఇక ఎంత నొక్కినా పొడి రాలలేదు.

ఆయన ఆకురాయిని కింద పెట్టాడు. "లోపల నా గట్టిదనం సరిగ్గానే ఉంది. పైన చర్మం మెత్తగా ఉంది" అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. గొడవకు వచ్చిన మనిషి కాడు ఇప్పుడు. "కొలిమి తలుపు సీలు ఎప్పటి నుంచో సరిగా లేదు. కానీ సాబ్, ఏళ్ళుగా అలాగే ఉంది. అప్పుడెందుకు రాలేదు ఈ తంటా?"

సరైన ప్రశ్న అదే. దానికి జవాబు క్వాలిటీ మేనేజరు దగ్గరే ఉందని ఆయనకే తెలియదు. పిన్ను ఎలా తయారవుతుందో మొదటి నుంచి చెప్పమన్నాం. పాత మోడల్‌కు పిన్నును లేత్ యంత్రం మీద కాస్త లావుగా తిప్పి కోసి, గట్టిపరిచి, ఆ తర్వాత గ్రైండింగ్ చేసి, అంటే పై పొరను సానరాయితో అరగదీసి, సరైన కొలతకు తెచ్చేవారు. కొత్త మోడల్‌కు మంచి కంప్యూటర్ లేత్ కొన్నారు. అది ఎంత ఖచ్చితంగా తిప్పుతుందంటే, గట్టిపరచక ముందే పిన్ను దాదాపు అసలు కొలతకు వచ్చేస్తుంది. తర్వాత గ్రైండింగ్ అక్కర్లేదు, కాస్త మెరుగు పెడితే చాలు. గ్రైండింగ్ మానేసి పని తేలిక చేశానని మేనేజరు కొంచెం గర్వంగానే చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

ఏళ్ళ తరబడి కొలిమి ఆ మెత్తటి పొరను చేస్తూనే ఉంది. ఏళ్ళ తరబడి గ్రైండింగ్ దాన్ని తీసేస్తూనే ఉంది. ఒకటి రెండోదాని తప్పు సరిదిద్దుతోందని ఎవరికీ తెలియదు. మంచి యంత్రం వచ్చి గ్రైండింగ్‌ను అవసరం లేనిదిగా చేసేసరికి, పొర అలాగే ఉండిపోయి మనుషుల మోకాళ్ళలోకి వెళ్ళింది.

"అంటే నేను బాగు చెయ్యబోయి..." అన్నాడు మేనేజరు.

మా హెడ్ జేబులోంచి చింపిన కాగితం ముక్కలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది నా రిపోర్టు. దుమ్ము అని రాశాను. మీరు ఒక్కరే కాదు బాబూ." ఆయన వాటిని ఎందుకు దాచారో అప్పుడు తెలిసింది.

కానీ అసలు నిర్ణయం ఇంకా మిగిలి ఉంది. కొత్త మోడల్ జాయింట్లు ఇప్పటికే ఎన్నో ఊళ్ళకు వెళ్ళాయి. మేనేజరు కాస్త తేరుకుని, "ఇకపై వచ్చేవి సరిచేద్దాం. బయట ఉన్నవాటికి కంప్లైంటు వస్తే మారుద్దాం. అందరికీ ఫోన్లు చేస్తే భయపడతారు, పేరు పోతుంది" అన్నాడు.

ఓనరు గాజు తలుపులోంచి ముందు గదిలోకి చూస్తున్నాడు. కడ్డీల మధ్య పెద్దాయన ఇప్పుడు ఒక చెయ్యి వదిలి నడుస్తున్నాడు.

"మన మాట నమ్మి వాళ్ళు మెట్టు మీద కాలు పెడుతున్నారు" అన్నాడు చివరికి. "కంప్లైంటు అంటే ఎవరో ఒకరు పడాలి కదా. అన్నీ వెనక్కి పిలవండి. ఈరోజే మొదలుపెట్టండి. మొదట ఆ బాబాజీని కూర్చోబెట్టండి."

ఆ తర్వాత ఆయన తన ఫోను తీసి ఆ అమ్మాయి నంబరు కలిపి స్పీకరు పెట్టాడు. "బేటీ, గల్తీ మాది. నీది కాదు" అని మొదలుపెట్టి, హిందీలో నెమ్మదిగా అంతా చెప్పాడు. అటువైపు ఏడుస్తోందేమో అనుకున్నాను.

"ఠీక్ హై సర్. కొత్తది ఎప్పుడిస్తారు? నాకు మెయిన్స్ ఉంది" అంది.

గదిలో అందరూ ఒక్కసారి నవ్వారు, హీట్ ట్రీట్‌మెంట్ ఆయన కూడా.

కొత్త పిన్నులు లావుగా తిప్పి, గట్టిపరిచి, గ్రైండింగ్ చేసి తయారుచేశారు. కొలిమి తలుపు సీలు మార్చారు. ప్రతి లాటులోంచి ఒక పిన్నును అంచు దగ్గర కోసి చూడాలన్న నియమం పెట్టించాం. మా ల్యాబులో ఒక జాయింటును యంత్రానికి బిగించి, ఢిల్లీ దుమ్మును చల్లుతూ, మడుస్తూ చాపుతూ నడిపాం. బుష్ అరిగింది, పిన్ను అరగలేదు. బుష్ అరిగిందని సంతోషించిన రోజు నా ఉద్యోగంలో అదొక్కటే.

మొదటి జాయింటు ఆ అమ్మాయికే అమర్చారు. నేనూ వెళ్ళాను. కడ్డీల మధ్య నాలుగు అడుగులు వేసి, పక్కకు ఊగి చూసి, గట్టిగా తొక్కి చూసి, "పాత దానిలెక్కనే ఉన్నది" అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదని అప్పటికే నాకు తెలుసు. మణికట్టు కూడా తగ్గింది. కుడి చేత్తోనే పరీక్ష రాసింది.

ఆ ఏడు ఆమెకు ర్యాంకు రాలేదు. నేను ఫోన్ చేస్తే రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు తనే చేసి, "పిన్ను మంచిదే మేడమ్, ఎకనామిక్స్ పేపరే మెత్తగున్నది" అంది. తర్వాతి ప్రయత్నంలో వచ్చింది. తను కోరుకున్న సర్వీసు కాదు, కానీ మంచి ఉద్యోగమే. కాన్పూర్ అమ్మాయి ఇప్పుడు అదే ల్యాబులో నా కుర్చీలో కూర్చుంటోంది. అరుగుదల కేసు ఏది వచ్చినా మొదట అరగని పక్క కొయ్యమంటుందట. మా హెడ్ కలకత్తా వెళ్ళిపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఈ కేసు గురించి కొత్తవాళ్ళకు ఎవరికైనా చెప్పారా అని అడుగుతుంటారు. తన దుమ్ము రిపోర్టు సంగతి కూడా కలిపి చెప్పమంటారు.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం మా డోర్‌బెల్ మోగింది. తీసి చూస్తే ఆ అమ్మాయి. ట్రైనింగుకు ఢిల్లీ వచ్చిందట. చేతిలో స్వీటు డబ్బా, ముఖమంతా చెమట. ఆ రోజు మా బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం లేదు. మేముండేది అయిదో అంతస్తు.

"అయ్యో, కింద నుంచి ఫోన్ చెయ్యకపోయావా? నేనే దిగి వచ్చేదాన్ని కదా! ఇన్ని మెట్లు ఎలా ఎక్కావమ్మా?" అని నేను ఒకటే కంగారు పడిపోతున్నాను.

ఆమె గుమ్మంలోనే గోడకానుకుని ఊపిరి పీల్చుకుంటూ నన్ను వింతగా చూసింది.

"కాళ్ళతోనే ఎక్కిన ఆంటీ" అంది. "ముందుగాల మంచినీళ్ళియ్యుండ్రి."